ప్రాగ్ సోకోల్ చరిత్ర: ఒక వ్యాయామ సంఘాన్ని ఇన్ని ప్రభుత్వాలు ఎందుకు మూయించాయి?

ప్రాగ్‌వాసి అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కుటుంబంతో ప్రాగ్‌లో ఉంటున్నాను. మా అమ్మాయిని జిమ్నాస్టిక్స్ తరగతిలో చేర్పించడానికి మా పేటలోని సోకోల్ వ్యాయామశాలకు వెళ్లాను. పాత కట్టడం. నేలంతా చెక్క పలకలు, ఒక మూల పైకప్పుకు వేలాడే తాళ్లు, గోడవారగా పారలల్ బార్లు. ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు. అయితే ప్రవేశద్వారం పక్కన ఒక శిలాఫలకం ఉంది. దానిమీద 1941కీ 1945కీ మధ్య ప్రాణాలు కోల్పోయిన ఆ శాఖ సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. పిల్లలు పిల్లిమొగ్గలు వేసే చోట యుద్ధ స్మారకం ఎందుకుందని శిక్షకురాలిని అడిగితే, తమ సంఘం చరిత్రలో మూసివేతలే ఎక్కువని నవ్వుతూ చెప్పారు. భాష అడ్డం రావడంతో అంతకుమించి మాట్లాడలేకపోయాను.

నా సందేహాలు ఇవి. ఈ సంఘాన్ని ఎవరు, ఏ ఉద్దేశంతో స్థాపించారు? ఇది జర్మన్ల వ్యాయామ సంఘాలకు అనుకరణేనని మా కార్యాలయంలో ఒకరు అన్నారు, అది ఎంతవరకు నిజం? దూకడం, వేలాడడం, గెంతడం నేర్పే సంస్థను చూసి ప్రభుత్వాలు భయపడవలసిన అవసరం ఏమొచ్చింది? ఐరోపా చరిత్ర తెలిసినవారూ, వ్యాయామ విద్యలో పనిచేసినవారూ వివరించగలరని కోరుతున్నాను.

చరిత్ర విద్యార్థిని సమాధానం:

మంచి ప్రశ్న అడిగారండి. మొదటి రెండు సందేహాలకు నేను సమాధానం చెబుతాను, మూడోది ఇక్కడ నాకంటే బాగా తెలిసినవారికి వదిలేస్తాను.

ఈ సంఘం 1862 ఫిబ్రవరి 16న ప్రాగ్ వ్యాయామ సంఘం అన్న సాదా పేరుతో పుట్టింది. అప్పటికి చెక్ ప్రాంతాలు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉన్నాయి. 1848 విప్లవం అణగారిన తరువాత దాదాపు పదేళ్లు అక్కడ నలుగురు కూడి సంఘం పెట్టుకోవడమే కష్టంగా ఉండేది. ఇటలీలో యుద్ధం ఓడిపోయి, ఖజానా ఖాళీ అయి, 1860లో చక్రవర్తి కొంత రాజ్యాంగబద్ధ పాలనకు ఒప్పుకోవడంతో పరిస్థితి సడలింది. ఆ సడలింపులో పత్రికలు, గాయక సంఘాలు, నాటక సమాజాలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. సోకోల్ కూడా ఆ వరుసలోనిదే. అంటే ఇది ఆటల మీది మోజుతో మొదలైన క్లబ్బు కాదు, కూడుకునే హక్కు దొరికిన వెంటనే ఆ హక్కును వాడుకున్న పట్టణ మధ్యతరగతి ప్రయత్నం.

స్థాపకులు ఇద్దరు. మిరొస్లావ్ తిర్ష్ 1832లో దెచీన్‌లో జర్మన్ మాట్లాడే ఇంట్లో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే చెక్ మాట్లాడే బంధువుల దగ్గర పెరిగాడు. తత్త్వశాస్త్రం, కళాచరిత్ర చదివాడు. నీరసంగా ఉండే పిల్లవాడికి వైద్యుల సలహామీద వ్యాయామం అలవాటైంది, తరువాత ప్రాగ్‌లోని ప్రైవేటు వ్యాయామశాలల్లో శిక్షకుడిగా కూడా పనిచేశాడు. రెండోవాడు యిండ్రిఖ్ ఫ్యూగ్నెర్. ఇతడు 1822లో ప్రాగ్‌లోని జర్మన్ వ్యాపారి కుటుంబంలో పుట్టి, బీమా వ్యాపారంలో సంపాదించినవాడు. ఇద్దరి తొలి పేర్లూ జర్మన్ పేర్లే. ఫ్రీడ్రిఖ్ టిర్ష్ మిరొస్లావ్ తిర్ష్ అయ్యాడు, హైన్రిఖ్ ఫ్యూగ్నెర్ యిండ్రిఖ్ అయ్యాడు. చెక్ జాతీయతకు ప్రతీకగా నిలిచిన సంస్థ ఇలాంటి ఇద్దరి చేతుల్లో పుట్టడం నాకు ఎప్పుడూ ఆసక్తిగానే అనిపిస్తుంది. ఆ రోజుల్లో ప్రాగ్ నగరంలో జాతి అనేది చాలామందికి పుట్టుకతో వచ్చేది కాదు, ఎంచుకునేది.

ఫ్యూగ్నెర్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. సంఘం మొదట యాన్ మాలీపెటర్ నడిపే వ్యాయామశాలలో చోటు తీసుకుని సాధన చేసింది. సొంత గూడు లేనిదే సంఘం నిలవదని గ్రహించిన ఫ్యూగ్నెర్ తన సొమ్ముతో స్థలం కొని, వొయ్తేఖ్ ఉల్మన్ అనే వాస్తుశిల్పి చేత వ్యాయామశాల కట్టించాడు. మీరు చూసినలాంటి శాఖాభవనాలు వందల సంఖ్యలో లేవడానికి అదే నమూనా. చందాలు వేసుకుని, ఇటుకలు మోసి, ఊరి మధ్యలో సొంత భవనం కట్టుకోవడం తరువాతి తరాలకు ఆనవాయితీగా మారింది. కానీ ఆ భవనం అప్పులతో, పనుల ఒత్తిడితో సతమతమైన ఫ్యూగ్నెర్ 1865 నవంబరులోనే, నలభై మూడేళ్ల వయసులో చనిపోయాడు.

సోకోల్ అంటే డేగ. దక్షిణ స్లావ్ జాతుల వీరగాథల్లో యోధులను డేగలతో పోల్చే సంప్రదాయం ఉండడంతో ఎమాన్యుయెల్ తొన్నెర్ అనే ఉపాధ్యాయుడు ఆ పేరు సూచించాడు. పతాకాన్నీ, దుస్తుల తీరునూ చిత్రకారుడు యొసెఫ్ మానెస్ రూపొందించాడు. ఎర్ర చొక్కా మాత్రం ఇటలీలో గరిబాల్డీ అనుచరుల నుంచి వచ్చింది. ఆస్ట్రియా రాజ్యంలో ఉంటూ ఆస్ట్రియాకు శత్రువైన గరిబాల్డీ చొక్కా తొడుక్కోవడంలోని ధిక్కారం అధికారులకు తెలియనిదేమీ కాదు.

ఇక జర్మన్ల అనుకరణ అన్న మాట. బెర్లిన్ శివార్లలోని హాసెన్‌హైడే మైదానంలో 1811లో ఫ్రీడ్రిఖ్ లుడ్విగ్ యాన్ బహిరంగ వ్యాయామశాల పెట్టాడు. నెపోలియన్ చేతిలో ఓడిన ప్రష్యా యువకులను దేహబలంతో, దేశభక్తితో తీర్చిదిద్దడం అతని లక్ష్యం. పారలల్ బార్లు, హారిజాంటల్ బారు ప్రాచుర్యంలోకి వచ్చింది అక్కడి నుంచే. తిర్ష్‌కు ఆ పద్ధతి క్షుణ్ణంగా తెలుసు. పరికరాలు అక్కడివే, దేశభక్తిని దేహంతో ముడిపెట్టడమూ అక్కడిదే. ఆ మేరకు మీ సహోద్యోగి మాట నిజం. పైగా 1861లో ప్రాగ్‌లో చెక్‌లూ జర్మన్లూ కలిసి ఒకే సంఘం పెట్టే ఆలోచన కూడా నడిచింది, అది పొసగక రెండు వర్గాలూ వేరుపడిన తరువాతే సోకోల్ పుట్టింది. కాకపోతే తిర్ష్ తన ఆదర్శాన్ని అడవి జర్మన్ వీరుల్లో కాక ప్రాచీన గ్రీకుల్లో వెతుక్కున్నాడు. చిన్న జాతి బతకాలంటే ప్రతి వ్యక్తీ ఆరోగ్యంగా, చురుకుగా, అందంగా ఉండాలన్నది అతని వాదన. యాన్ స్థాపించిన మైదానాలను కూడా ప్రష్యా ప్రభుత్వం 1820 నుంచి 1842 వరకు నిషేధించిందన్న సంగతి మీ మూడో ప్రశ్నకు ఉపయోగపడవచ్చు.

పాత డ్రిల్ మాస్టారు సమాధానం:

పై సమాధానం చాలా బాగుంది. అయితే చరిత్ర చదివినవారు సాధారణంగా జెండాలూ చొక్కాల దగ్గర ఆగిపోతారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవాడిగా ఆ హాలు లోపల ఏం జరిగేదో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

తిర్ష్ చేసిన అసలు పని వ్యాయామాలను వర్గీకరించడం. పరికరాలు లేకుండా చేసేవి, పరికరాలమీద చేసేవి, నలుగురు కలిసి చేసేవి, ఒకరితో ఒకరు తలపడేవి అని నాలుగు భాగాలుగా విడదీశాడు. నడక, పరుగు, కర్రసాము వంటివి మొదలుకొని రింగులు, గుర్రం, పిరమిడ్లు, కత్తిసాము, కుస్తీ వరకు ప్రతిదానికీ అందులో చోటుంది. ప్రతి కదలికకూ, ప్రతి పట్టుకూ చెక్ భాషలో పేరు పెట్టి, 1868 నుంచి కొన్నేళ్లపాటు భాగాలు భాగాలుగా గ్రంథం వెలువరించాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ శిక్షకుడికి ఇదే ప్రాణం. ఒక ఊళ్లో నేర్పినదే ఇంకో ఊళ్లోనూ అదే మాటతో, అదే లెక్కతో నేర్పగలిగితేనే, ఎన్నడూ ఒకరినొకరు చూడని వెయ్యిమంది ఒక ఉదయం ఒకే మైదానంలో నిలబడి ఒకే డ్రిల్ చేయగలుగుతారు. మన జిల్లాల్లో ఆగస్టు 15 వేడుకలకు నాలుగు పాఠశాలల పిల్లలను కలిపి మాస్ డ్రిల్ చేయించినవారికి, రెండు వరుసలు రెండు రకాల లెక్కలకు అలవాటుపడి ఉంటే ఎంత గందరగోళమో అనుభవమే.

ఆ ఏర్పాటు ఫలితం 1882 జూన్ 18న కనిపించింది. సంఘానికి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రాగ్ నది మధ్యనున్న స్త్రెలెత్స్కీ ద్వీపంలో వివిధ శాఖల నుంచి వచ్చిన సుమారు ఏడు వందల మంది తిర్ష్ ఆదేశాల ప్రకారం కలిసి వ్యాయామం చేశారు. పక్షులు గుంపుగా వచ్చి వాలడాన్ని చెప్పే మాటతో ఆ ఉత్సవాన్ని స్లెట్ అన్నారు. అదే మొదటి స్లెట్. తిర్ష్ చూసిన చివరిది కూడా అదే. ప్రాగ్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర ఆచార్య పదవి కోసం సోకోల్ బాధ్యతలు వదులుకోవలసి వచ్చిన అతడు, 1884 ఆగస్టులో టిరోల్ కొండల్లోని ఊట్స్ గ్రామం దగ్గర నదిలో శవమై దొరికాడు. అతనినీ, పిల్లనిచ్చిన మామ ఫ్యూగ్నెర్‌నూ ఓల్షానీ శ్మశానంలో ఒకే సమాధిలో ఉంచారు.

మీరు అమ్మాయిని చేర్పించారు కాబట్టి ఇంకొక మాట. మొదట్లో సోకోల్ పురుషుల సంఘమే. 1869లో తిర్ష్ సహకారంతో ప్రాగ్‌లో స్త్రీలకూ బాలికలకూ విడిగా వ్యాయామ సంఘం ఏర్పడింది, క్లెమెన్యా హనుషోవా దానిలో శిక్షణ సాగించి తరువాత నాయకత్వం వహించింది. ఆడపిల్లలు బార్లకు వేలాడడం తగదని పెద్దమనుషులు గొణుగుతున్న కాలం అది. స్లెట్ మైదానంలోకి స్త్రీలు అడుగుపెట్టింది 1901లో. ముప్పై ఏళ్లకు పైగా ఆగవలసి వచ్చిందన్నమాట. చొక్కా రంగు గురించి రాసేటంత వివరంగా ఈ ముప్పై ఏళ్ల గురించి కూడా రాస్తే బాగుంటుందని నా మనవి.

పరికరాల విషయంలో సోకోల్ పాఠశాల ఎంత గట్టిదో పోటీల్లో తేలింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో బెద్రిఖ్ షుప్చీక్ ఎనిమిది మీటర్ల తాడును కాళ్ల సాయం లేకుండా 7.2 సెకన్లలో ఎక్కి స్వర్ణం తెచ్చాడు. అదే పోటీల్లో యుగోస్లావియా తరఫున రెండు స్వర్ణాలు గెలిచిన లియోన్ ష్టుకెల్ కూడా స్లొవేనియాలోని సోకోల్ శాఖలో తయారైనవాడే. ప్రాగ్‌లో సంఘం పుట్టిన మరుసటి ఏడే లుబ్ల్యానాలో శాఖ మొదలైంది, ఆపైన పోలండు వారూ అందుకున్నారు. మీ వ్యాయామశాలలో మూలకు వేలాడుతున్నాయని రాసిన తాళ్లు ఆ కాలపు జ్ఞాపకాలే. ఇప్పుడు అంతర్జాతీయ పోటీల్లో తాడు ఎక్కడం లేదు, అయినా భుజబలానికి అంతకు మించిన సాధన నాకు తెలియదు.

ప్రాగ్‌వాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు. మాస్టారు గారూ, అమ్మాయి గురించి రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను.

ఇప్పుడు నాకు కొత్త సందేహం వచ్చింది. ఒకే దుస్తులు, ఒకే లెక్క, వేలమంది ఒకేసారి చేతులెత్తడం అంటే వినడానికి సైన్యంలాగే ఉంది. ప్రభుత్వాల భయానికి కారణం అదేనా? నిషేధాల గురించి తెలిసినవారు చెప్పగలరా?

బ్ర్నో పాఠకుడు సమాధానం:

నేను మొరావియాలోని బ్ర్నోలో పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. ఇక్కడి వారితో మాట్లాడి, గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నదాన్ని బట్టి చెబుతున్నాను.

సైన్యం అన్న అనుమానం ఆస్ట్రియా అధికారులకు మొదటినుంచీ ఉంది. అయితే సోకోల్‌లో సైన్యానికి పూర్తిగా విరుద్ధమైన అలవాటొకటి ఉండేది. ఫ్యూగ్నెర్ పట్టుబట్టి సభ్యులందరూ ఒకరినొకరు అన్నా తమ్ముడా అన్నట్టు సోదర శబ్దంతో, ఏకవచనంతోనే పిలుచుకోవాలని నియమం పెట్టాడు. న్యాయవాదీ, చెప్పులు కుట్టేవాడూ ఒకే వరుసలో నిలబడి ఒకరినొకరు నువ్వు అనుకోవడం 1860ల నాటి ప్రాగ్ సమాజంలో మామూలు సంగతి కాదు. నాయకులను సభ్యులే ఎన్నుకునేవారు. ప్రభుత్వానికి బాధ్యత వహించని, పైవాడి ఆజ్ఞతో కాక తమంతట తాము క్రమశిక్షణ నేర్చుకున్న వేలాది మంది ఊరూరా సొంత భవనాలతో ఉండడమే పాలకులకు మింగుడుపడని విషయమని నా అభిప్రాయం. కండబలం కంటే ఆ కూడిక వారిని ఎక్కువ భయపెట్టింది.

అలాగని అందరూ అందులో కలిసిపోలేదు. సోకోల్ జాతీయవాదుల సంస్థ, మధ్యతరగతి సంస్థ అని భావించిన సోషలిస్టు కార్మికులు 1897లో విడిగా కార్మిక వ్యాయామ సంఘాలు పెట్టుకున్నారు. మతం పట్ల దాని ధోరణి నచ్చని కాథలిక్కులు 20వ శతాబ్ది తొలి దశకంలో ఓరెల్, అంటే గద్ద, అనే సంఘం పెట్టుకున్నారు. ఒకే ఊళ్లో మూడు వ్యాయామ సంఘాలు ఉండడం ఇక్కడ సాధారణమైంది. మా వీధిలోనే ఓరెల్ భవనమూ సోకోల్ భవనమూ కూతవేటు దూరంలో ఉన్నాయి.

మొదటి మూసివేత 1915 నవంబరులో. మొదటి ప్రపంచయుద్ధంలో చెక్ సైనికులు కొందరు ఆస్ట్రియా పక్షం వదిలి రష్యా, ఫ్రాన్స్, ఇటలీల్లో స్వచ్ఛంద దళాలుగా ఏర్పడ్డారు. విదేశాల్లోని సోకోల్ సభ్యులు ఆ దళాల్లో ముందు వరుసలో నిలిచారు. దాంతో స్వదేశంలో సంఘాన్ని రద్దు చేశారు, అధ్యక్షుడు యొసెఫ్ షైనెర్‌ను నిర్బంధించారు. మూడేళ్లు తిరగకుండానే ఆ రాజ్యమే కూలిపోయింది. 1918 అక్టోబరు 28న ప్రాగ్‌లో స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు, పాత పోలీసులు ఎటూ తేల్చుకోలేని ఆ రోజుల్లో వీధుల్లో శాంతిభద్రతలు కాపాడింది సోకోల్ కార్యకర్తలే.

తరువాతి ఇరవై ఏళ్లు సంఘానికి స్వర్ణయుగం. ప్రాగ్‌లో మాలా స్త్రానా పేటలోని మిఖ్నా ప్రాసాదాన్ని కొని, బాగుచేసి, 1925లో తిర్ష్ భవనం పేరుతో కేంద్ర కార్యాలయంగా తెరిచారు. స్త్రహోవ్ కొండమీద 1926 స్లెట్ కోసం కట్టిన క్రీడాస్థలం క్రమంగా పెరిగి రెండు లక్షల మందికి పైగా కూర్చోగలిగేదైంది. దాని మైదానమే పొడవు 300 మీటర్లకు, వెడల్పు 200 మీటర్లకు మించి ఉంటుంది. 1938 వేసవిలో అక్కడ పదో స్లెట్ జరిగింది. హిట్లర్ సరిహద్దు ప్రాంతాలను కోరుతున్న సమయమది. దేశమంతా ఆ ఉత్సవాన్ని ఆత్మరక్షణకు తాము సిద్ధమన్న ప్రకటనగా చూసింది. ఆ సెప్టెంబరులో ఆ ప్రాంతాలను జర్మనీకి అప్పగించే మ్యూనిచ్ ఒప్పందం జరిగింది, మరుసటి మార్చిలో జర్మన్ సేనలు ప్రాగ్‌లో దిగాయి.

మీరు చూసిన ఫలకం ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1941 ఏప్రిల్‌లో సంఘం కార్యకలాపాలు ఆపించారు. సెప్టెంబరు చివర నాజీ అధికారి రైన్‌హార్డ్ హైడ్రిఖ్ పాలకుడిగా వచ్చిన కొద్దిరోజులకే, అక్టోబరు 7 రాత్రి నుంచి 8 తెల్లవారే లోపు, దేశమంతటా సుమారు 1500 మంది సోకోల్ బాధ్యులను ఇళ్లలోంచి పట్టుకుపోయారు. సంఘాన్ని రద్దు చేసి ఆస్తులన్నీ స్వాధీనం చేసుకున్నారు. చాలామందిని ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి పంపారు, అక్కడి నుంచి తిరిగి వచ్చినవారు కొద్దిమందే. మిగిలినవారు రహస్య సంస్థగా ఏర్పడి పనిచేశారు. 1942లో హైడ్రిఖ్‌ను మట్టుపెట్టిన పారాచూట్ సైనికులకు ఆశ్రయం ఏర్పాటు చేసిన ఉపాధ్యాయుడు యాన్ జెలెంకా సోకోల్ కార్యకర్తే. పోలీసులు తలుపు తట్టినప్పుడు అతడు విషం మింగాడు. యుద్ధం ముగిసే నాటికి చనిపోయిన సోకోల్ సభ్యులు వేలల్లో ఉన్నారు. అక్టోబరు 8ని ఇప్పుడు చెక్ దేశం సోకోల్ స్మృతి దినంగా పాటిస్తుంది. ఆ రోజు సాయంత్రం శాఖలవారు నదీతీరాల్లో దీపాలు వదులుతారు.

కమ్యూనిస్టుల కాలంలో జరిగింది దీనికంటే భిన్నం. 1948 ఫిబ్రవరిలో వారు అధికారం చేజిక్కించుకున్నారు, జూన్‌లో దేశాధ్యక్షుడు బెనెష్ రాజీనామా చేశాడు, కమ్యూనిస్టు నాయకుడు గొట్వాల్డ్ ఆ స్థానంలోకి వచ్చాడు. కొద్ది రోజులకే పదకొండో స్లెట్. ఊరేగింపులో గొట్వాల్డ్ కూర్చున్న వేదిక ముందుకు రాగానే అనేక శాఖల సభ్యులు మౌనంగా తల అటువైపు తిప్పుకుని సాగిపోయారు. కొందరు బెనెష్‌కు జై కొట్టారు. ఆ తరువాత అరెస్టులు, బహిష్కరణలు జరిగాయి. సంఘానికి ఒక్కసారిగా తాళం వేయలేదు, ఏకీకృత క్రీడా వ్యవస్థలో కలిపేసి, పేరూ భవనాలూ ఒకటొకటిగా లాగేసి, 1950ల మధ్యకు ఏమీ మిగలకుండా చేశారు. వేటు కంటే ఇదే పకడ్బందీ పద్ధతి అనిపిస్తుంది నాకు.

పాత డ్రిల్ మాస్టారు:

బ్ర్నో పాఠకుడు గారి సమాధానంలో ఒక్కదానికి చిన్న సవరణ. 1950ల మధ్యకు ఏమీ మిగలలేదన్నారు. సంఘం మిగలలేదు కానీ దాని విద్య మిగిలింది. 1955 నుంచి 1985 వరకు అదే స్త్రహోవ్ మైదానంలో ప్రభుత్వం స్పార్టకియాడ్ పేరిట బృహత్ వ్యాయామ ప్రదర్శనలు జరిపింది. ఆ పేరు రోమన్ బానిసల తిరుగుబాటు నాయకుడు స్పార్టకస్ నుంచి తెచ్చినా, మైదానంలో బిందువులు గుర్తుపెట్టి మనిషిని నిలబెట్టే పద్ధతి, సంగీతానికి డ్రిల్ కూర్చే పద్ధతి, ఊరి వ్యాయామశాలలో ఏడాది సాధన చేసి రాజధానిలో కలిపే పద్ధతి మొత్తం స్లెట్‌దే. దాన్ని రూపొందించినవారిలో సోకోల్‌లో పెరిగిన శిక్షకులు అనేకులు. వారిని ద్రోహులనడం నాకు ఇష్టం లేదు. వృత్తి తెలిసినవాడు పిల్లలకు నేర్పకుండా ఇంట్లో కూర్చోలేడు. తేడా ఏమిటంటే స్లెట్‌లో పాల్గొన్నవాడు చందా కట్టిన సభ్యుడు, స్పార్టకియాడ్‌లో చాలామందికి బడి, సైన్యం, కర్మాగారం పంపితే వచ్చిన పాత్ర.

1948 గురించి ఇంకొకటి చేర్చాలి. ఆ స్లెట్ ముగిసిన నెలలోపే లండన్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. చెకొస్లొవేకియా మహిళల జట్టుకు ఎంపికైన ఎలిష్కా మిసాకోవా లండన్ చేరగానే పోలియోతో ఆసుపత్రి పాలైంది. జట్టు పోటీలో స్వర్ణం గెలిచిన రోజునే ఆమె కన్నుమూసింది. జట్టులో ఆమె అక్క కూడా ఉంది. బహుమతి వేడుకలో ఆ దేశ పతాకానికి నల్ల పట్టీ కట్టి ఎగరవేశారు. జట్టుతో వెళ్లిన సోకోల్ మహిళా విభాగం నాయకురాలు మారియే ప్రొవాజ్నికోవా, స్వేచ్ఛ లేని దేశానికి తిరిగి వెళ్లనని చెప్పి అక్కడే ఉండిపోయింది. ఒలింపిక్స్‌కు వచ్చి స్వదేశానికి వెళ్లడానికి నిరాకరించినవారిలో ఆమెను మొదటి వ్యక్తిగా చెబుతారు.

ఇరవై ఏళ్ల తరువాత 1968లో మెక్సికోలో వెరా చాస్లావ్‌స్కా సోవియట్ జాతీయగీతం వినిపిస్తుండగా తల పక్కకు తిప్పుకున్న సంగతి జిమ్నాస్టిక్స్ తెలిసినవారందరికీ తెలుసు. అంతకు రెండు నెలల ముందే సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. సంస్కరణలు కోరిన పత్రంమీద సంతకం చేసినందుకు ఆమె కొండప్రాంతంలో దాక్కుని, చెట్టు కొమ్మలకు వేలాడి సాధన చేసి, ఆ పోటీల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది.

చరిత్ర విద్యార్థిని:

మాస్టారు గారూ, స్పార్టకియాడ్ విషయంలో మీతో సగమే ఏకీభవిస్తాను. విద్య మిగిలిందన్నది నిజమే. కానీ సోకోల్‌ను సోకోల్ చేసింది ఆ విద్య ఒక్కటే కాదు, శాఖ లెక్కలు శాఖే చూసుకోవడం, భవనం శాఖదే కావడం. అవి లేని డ్రిల్ ఎంత అందంగా ఉన్నా అది ప్రభుత్వ వేడుకే. 1990 జనవరిలో సంఘాన్ని తిరిగి నెలకొల్పినప్పుడు సభ్యుల తొలి పోరాటం మైదానం కోసం కాదు, పాత భవనాల కోసం. కొన్ని గోదాములుగా, కొన్ని సినిమాహాళ్లుగా మారిపోయి ఉన్నాయి. చాలావరకు వెనక్కి వచ్చాయి, పైకప్పులు బాగుచేయించడానికి మాత్రం శాఖలకు ఏళ్లు పట్టింది. ఈ నలభై ఏళ్లలో సంఘం తీగ తెగిపోకుండా చూసినవారు వలస వెళ్లిన చెక్‌లు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1865లోనే తొలి శాఖ ఉంది. స్వదేశంలో నిషేధం ఉన్న కాలంలో బయటి దేశాల్లోనే స్లెట్లు జరుపుకున్నారు.

ప్రాగ్‌వాసి గారూ, 1994 నుంచి ఆరేళ్లకొకసారి ప్రాగ్‌లో మళ్లీ స్లెట్ జరుగుతోంది. చివరిది 2024 వేసవిలో జరిగిన పదిహేడోది. ఇప్పుడు స్త్రహోవ్‌లో కాదు, అంత పెద్ద మైదానం నింపే సంఖ్య ఇప్పటి సంఘానికి లేదు, మామూలు ఫుట్‌బాల్ స్టేడియంలో సరిపెడుతున్నారు. పిల్లలు, తల్లిదండ్రులు, తాతమ్మలు వేర్వేరు బృందాలుగా చేసే ప్రదర్శనలు ఉంటాయి. మీ అమ్మాయి కొనసాగిస్తే తరువాతి స్లెట్ సాధనకు శాఖవాళ్లే పిలుస్తారు. ఈలోగా ఉయెజ్ద్ వీధి పక్కనున్న తిర్ష్ భవనాన్ని చూసి రండి. పాత ప్రాసాదం ఆవరణలోనే నేటికీ వ్యాయామశాలలు నడుస్తున్నాయి. మీ శాఖ ఫలకంమీద ఉన్నవారి గురించి తెలుసుకోవాలంటే శాఖ కార్యదర్శిని అడగండి. చాలా శాఖలు తమ దినచర్య పుస్తకాలను, పాత ఛాయాచిత్రాలను ఇప్పటికీ అల్మరాల్లో దాచుకుంటాయి, అడిగినవారికి సంతోషంగా చూపిస్తాయి. భాష ఇబ్బంది అయితే మన బ్ర్నో పాఠకుడు గారు సాయపడతారేమో.

బ్ర్నో పాఠకుడు:

తప్పకుండా సాయపడతాను. ఫలకాన్ని ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పేర్ల కింద రాసి ఉన్న స్థలాలు చదివి చెబుతాను. మౌత్‌హౌజెన్, ఆష్విట్జ్, తెరెజిన్ అన్న పేర్లు ఉంటే అవి నిర్బంధ శిబిరాలూ జైళ్లూ. కొబిలిసి అని ఉంటే అది మీ నగరంలోనే ఉన్న, 1942లో ఖైదీలను కాల్చి చంపిన మైదానం. ట్రామ్‌లో వెళ్లి చూడవచ్చు.